కళ్ళు వాచాయా? నలపకండి!

మార్చి నెలలో ఒక ఉదయం మా తరగతి స్నేహితుడొకడు రెండు కళ్ళూ ఉబ్బిపోయి బడికి వచ్చాడు. వాళ్ళ నాన్నగారి బదిలీ వల్ల ఏడాది క్రితమే ఢిల్లీకి వచ్చాడు. "కళ్ళకలక! అంటుకుంటుంది" అని ఎవరో అనగానే పక్కవాళ్ళందరూ వేరే బల్లకు వెళ్ళిపోయారు. ఆ రోజంతా అతను ఒంటరిగానే కూర్చున్నాడు. డాక్టరుగారు చూసి అది అలర్జీ అని చెప్పాక మాకు సిగ్గేసింది. అలర్జీ ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. అందుకే దాని గురించి తెలుసుకున్నవి ఇక్కడ రాస్తున్నాం.

పుప్పొడి, ఇంటి దుమ్ములోని అతి చిన్న పురుగులు మామూలుగా మనకు హాని చేయవు. కొందరి శరీరం మాత్రం వాటిని శత్రువులనుకుంటుంది. అప్పుడు కంటిపొరలోని మాస్ట్ కణాలు హిస్టమిన్ అనే రసాయనాన్ని వదులుతాయి. దాంతో దురద పుడుతుంది, సన్నని రక్తనాళాలు వెడల్పై కళ్ళు ఎర్రబడతాయి, వాటిలోంచి నీరు ఊరుతుంది. కనురెప్ప చర్మం పలుచగా, వదులుగా ఉంటుంది కాబట్టి ఆ నీరు అక్కడ చేరి రెప్ప ఉబ్బుతుంది.

మనకు ఊరు మారితే గాలిలోని పుప్పొడీ మారుతుంది. మన ఊళ్ళలో సర్కారు తుమ్మ అనే చెట్టునే ఢిల్లీలో విలాయతీ కీకర్ అంటారు. అక్కడి రిడ్జ్ అడవిలో అది విస్తారంగా ఉంది. బీడు భూముల్లో తెల్లటి చిన్న పూలు పూసే వయ్యారిభామ కూడా కొందరికి పడదు. ఈ అలర్జీ వెళ్ళిన రోజే రావాలని లేదు, ఒకటి రెండు పూత కాలాలు గడిచాక బయటపడవచ్చు. బదిలీ సామాన్లు విప్పేటప్పుడు లేచే దుమ్ము సరేసరి!

మరి ఏం చేయాలి?

1. కళ్ళు నలపకూడదు. నలిపితే మరింత హిస్టమిన్ విడుదలై దురద, వాపు పెరుగుతాయి.

2. ముందు చేతులు కడుక్కుని, శుభ్రమైన నీటితో కళ్ళు కడుక్కోవాలి. శుభ్రమైన గుడ్డను చల్లని నీటిలో తడిపి పిండి, మూసిన రెప్పల మీద 10 నిమిషాలు ఉంచాలి. చల్లదనానికి రక్తనాళాలు ముడుచుకుని వాపు తగ్గుతుంది. ఐసుముక్కను నేరుగా పెట్టకూడదు.

3. ఆడుకుని రాగానే ముఖం కడుక్కుని బట్టలు మార్చుకోవాలి. దిండు గలీబులు, దుప్పట్లు వారానికోసారి వేడినీటిలో ఉతకాలి.

4. చుక్కల మందు డాక్టరు రాసిచ్చిందే వాడాలి. మందుల డబ్బాలో మిగిలిన పాత సీసాలు, ఆకు పసర్లు వద్దు. కొన్ని చుక్కల్లో స్టెరాయిడ్ ఉంటుంది. దాన్ని సొంతంగా ఎక్కువ రోజులు వాడితే కంటిలో ఒత్తిడి పెరిగి చూపు దెబ్బతినవచ్చు.

అలర్జీలో సాధారణంగా రెండు కళ్ళూ బాగా దురద పెట్టి నీళ్ళు కారతాయి. చిక్కటి పుసి కట్టినా, నొప్పి ఉన్నా, చూపు మసకబారినా, వెలుతురు చూడలేకపోయినా, జ్వరంతో ఒక కన్నే వాచినా ఆ రోజే డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. పెదవులు, నాలుక కూడా వాచి ఊపిరాడకపోతే క్షణం ఆగకుండా 112కు ఫోన్ చేయాలి.

మళ్ళీ బదిలీ వచ్చినప్పుడు టి.సి.తో పాటు కంటి డాక్టరు రాసిచ్చిన చీటీ కూడా జాగ్రత్తగా పెట్టుకుందాం. కొత్త బడిలో ఎవరైనా కళ్ళు వాచి వస్తే బల్ల మారకుండా, "నలపకు, పద, కళ్ళు కడుక్కుందాం" అందాం.