హాబీ అడిగితే.. ఏం చూపిస్తారు?

రెజ్యూమెలో ‘హాబీలు’ దగ్గరికొచ్చేసరికి ఏం రాస్తారు? పాటలు వినడం, సినిమాలు చూడటం.. అంతేనా! ‘ఇందులో మీరు సొంతంగా చేసిందేంటి?’ అని ఇంటర్వ్యూలో అడిగితే?

ఉద్యోగ వేటలో ఉన్నప్పుడు నేను చెక్కతో బొటనవేలంత ఏనుగు చేయబోయా. ఒకే ముక్కలో చెక్కుతుంటే మూడుసార్లు కాలు విరిగింది. ప్రతిసారీ మళ్లీ మొదటికి!

తర్వాత విజయవాడ దగ్గరి కొండపల్లి కళాకారుల పద్ధతి తెలుసుకున్నా. వాళ్లు తేలికైన తెల్లపొనికి కర్రను ముందు బాగా ఆరబెడతారు. బొమ్మ కాళ్లూ చేతులూ విడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. ఆ తర్వాతే సున్నం పూత, రంగులు. ఒక భాగం పాడైతే అదొక్కటే మళ్లీ చెక్కుకోవచ్చు. ప్రోగ్రామ్‌ను మాడ్యూళ్లుగా ఎందుకు విడగొట్టాలో నాకు అప్పుడు బుర్రకెక్కింది.

మీరూ మొదలెట్టండి

* మెత్తని చెక్క, పదునైన చిన్న చాకు, ఉప్పుకాగితం చాలు. చాకును ఒంటికి దూరంగా నడపండి.
* ఏయే భాగాలు కావాలో ముందే కాగితంపై గీసుకోండి.
* విరిగినవి పారేయొద్దు. ఫొటో తీసి, ఎందుకు విరిగాయో రెండు ముక్కలు రాసుకోండి.

బొమ్మ చేస్తే ఉద్యోగం వస్తుందని చెప్పను. నాకూ దానివల్ల రాలేదు. కానీ ‘మీరు విఫలమైన సందర్భం చెప్పండి’ అన్నప్పుడు కథ అల్లాల్సిన పని పడలేదు. విరిగిన మూడు కాళ్ల సంగతి చెప్పా.