తలుపులో గరగర.. తప్పు స్పీకరుదేనా?
కొత్తవి కొనేముందు పరీక్షించుకోవడం మేలు

విజయవాడ: కారు బయలుదేరింది. పాట మొదలైంది. దరువు పడినప్పుడల్లా డ్రైవరు పక్క తలుపులోంచి గరగరమని చప్పుడు. శబ్దం తగ్గిస్తే ఆగుతుంది.. పెంచితే మళ్లీ మొదలు. కార్‌ డెకార్స్‌ దుకాణానికి తీసుకెళితే ‘స్పీకర్లు పోయాయి, జత మార్చాలి’ అనే మాట వినిపిస్తుంది. వేలు పోసి కొత్తవి బిగించాక కూడా అదే గరగర వెంటాడితే వాహనదారుడి అవస్థ అంతా ఇంతా కాదు. డబ్బు పోయింది, చప్పుడు మిగిలింది.

తలుపు స్పీకరు నుంచి వచ్చినట్లు వినిపించే చప్పుడుకు స్పీకరు చెడిపోవడం ఒక కారణం మాత్రమే. తలుపు రేకు, ప్లాస్టిక్‌ ప్యాడ్‌, వైర్లు, ఎర్త్‌ కనెక్షన్‌, చివరికి ఫోను ఛార్జరు కూడా కారణం కావచ్చు. ఒక క్రమంలో పరీక్షిస్తే అసలు లోపం ఎక్కడుందో యజమానే చాలావరకు తెలుసుకోవచ్చు.

మొదట వినాలి.. తర్వాతే విప్పాలి
ముందుగా స్టీరియోను పూర్తిగా ఆపి కారు నడిపి చూడాలి. అప్పుడు కూడా చప్పుడు వస్తుంటే దానికి స్పీకరుతో సంబంధం లేదు. చక్రాల బేరింగు, బ్రేకులు, సస్పెన్షన్‌ భాగాల లోపం కావచ్చు. దీన్ని ఆడియో సమస్యగా భావించి జాప్యం చేయడం ప్రమాదకరం. వెంటనే మెకానిక్‌కు చూపించాలి.

స్టీరియో పెట్టినప్పుడే చప్పుడు వస్తుంటే కారును నిశ్శబ్దంగా ఉన్న చోట నిలిపి, ఇంజిన్‌ ఆపి, ఒకే పాటను ఒకే స్థాయిలో వినాలి. స్టీరియోలోని బ్యాలెన్స్‌, ఫేడర్‌ అమరికలతో ఒక్కో స్పీకరును విడిగా మోగిస్తే ఏ తలుపులో లోపముందో తేలిపోతుంది. ఇంజిన్‌ ఆపినప్పుడు లేని చప్పుడు స్టార్టు చేయగానే వస్తే అది విద్యుత్‌ లోపం. శబ్దాన్ని సున్నాకు తగ్గించినా సన్నని కూత వినిపించడం కూడా అదే కోవకు చెందుతుంది.

తలుపే తాళం వేస్తుంటే..
స్పీకరు అట్ట ముందుకూ వెనక్కూ కదిలినప్పుడు తలుపు రేకు కూడా అదురుతుంది. ఆ అదురుకు వదులుగా ఉన్న ప్రతి వస్తువూ తాళం వేస్తుంది. పాట మోగుతుండగా తలుపు ప్యాడ్‌పై అరచేతితో అక్కడక్కడా నొక్కాలి. ఎక్కడ నొక్కితే చప్పుడు ఆగుతుందో లోపం అక్కడే ఉన్నట్లు. అంతకంటే ముందు తలుపు అరలోని సీసాలు, చిల్లర నాణేలు తీసేయడం మరువరాదు.

ప్యాడ్‌ను పట్టి ఉంచే ప్లాస్టిక్‌ క్లిప్పులు ఒకసారి విప్పి బిగించినప్పుడు విరిగిపోవడం సాధారణం. విరిగిన వాటి స్థానంలో కొత్తవి వేయాలి. లోపల వేలాడే వైర్లను, తాళం కడ్డీని స్పాంజి టేపుతో చుట్టాలి. స్పీకరు స్క్రూలు బిగించి, స్పీకరుకూ రేకుకూ మధ్య స్పాంజి వలయం అమర్చాలి. రేకు మరీ పలుచగా మోగుతుంటే డ్యాంపింగ్‌ షీటు అతికించవచ్చు. ఇదంతా కొత్త స్పీకర్ల ధరతో పోలిస్తే కొద్దిపాటి ఖర్చే.

వాన నీటితో చేటు
వర్షాకాలంలో మొదలైన గరగరను ప్రత్యేకంగా గమనించాలి. అద్దం పక్కనుంచి కొంత నీరు తలుపు లోపలికి దిగడం సహజమే. అది కిందనున్న చిన్న రంధ్రాల ద్వారా బయటకు పోవాలి. మట్టితో అవి పూడుకుపోతే నీరు నిలిచి రేకు తుప్పు పడుతుంది, స్పీకరు తడుస్తుంది. సన్నని పుల్లతో రంధ్రాలను శుభ్రం చేయాలి. ప్యాడ్‌ వెనుక ఉండే ప్లాస్టిక్‌ షీటు నీటిని అడ్డుకోవడానికే. స్పీకర్లు మార్చేటప్పుడు దాన్ని చింపి వదిలేస్తే తర్వాతి వానకే కొత్త స్పీకరు కూడా పాడవుతుంది.

స్పీకరు పరీక్ష ఇలా..
తలుపును సరిచేసినా చప్పుడు ఆగకపోతే స్పీకరును బయటకు తీసి చూడాలి. అట్ట చిరిగిందా, అంచున ఉండే రబ్బరు లేదా స్పాంజి ఊడిందా గమనించాలి. రెండు చేతుల వేళ్లతో అట్టను సమానంగా, మెల్లగా లోపలికి నొక్కాలి. గీసుకుపోతున్నట్లు అనిపిస్తే లోపలి వాయిస్‌ కాయిల్‌ అయస్కాంతానికి రాసుకుంటున్నట్లు. అటువంటి స్పీకరును మార్చక తప్పదు.

వైర్లు విడదీసిన స్పీకరుకు 1.5 వోల్టుల సెల్లును క్షణకాలం తాకిస్తే ‘టక్‌’మని శబ్దం రావాలి. రాకపోతే కాయిల్‌ తెగినట్లే. 4 ఓమ్‌ల స్పీకరైతే మల్టీమీటరులో 3 నుంచి 4 ఓమ్‌ల వరకు చూపుతుంది. అన్నింటికంటే తేలికైన పరీక్ష మరొకటుంది. కుడి, ఎడమ స్పీకర్లను తారుమారు చేయాలి. చప్పుడు స్పీకరుతోపాటు అవతలి తలుపుకు వెళితే లోపం స్పీకరుదే. ఉన్నచోటే ఉంటే తలుపుదో, వైరింగ్‌దో అని నిర్ధారించుకోవచ్చు.

ఆగి ఆగి మోగితే..
తలుపు తెరిచి మూసినప్పుడు పాట ఆగిపోవడం, చిటపటమనడం జరిగితే కీళ్ల దగ్గరి రబ్బరు గొట్టంలోని వైర్లను చూడాలి. తలుపు తెరిచిన ప్రతిసారీ అవి వంగుతాయి. ఏళ్లు గడిచేకొద్దీ లోపల తెగిపోతాయి. మెలిపెట్టి టేపు చుట్టడం తాత్కాలికమే. సోల్డరింగ్‌ చేసి గట్టి తొడుగు వేయించాలి.

ఇంజిన్‌తోపాటు పెరిగే కూత
యాక్సిలరేటరు నొక్కేకొద్దీ పెరిగే కూతకు మూలం ఆల్టర్నేటర్‌. అందులో పుట్టే ఏసీ విద్యుత్తు డీసీగా మారినా కొద్దిపాటి అల మిగులుతుంది. ఎర్త్‌ కనెక్షన్‌ సరిగా లేనప్పుడు ఆ అల పాటలోకి చొరబడుతుంది. ఎర్త్‌ వైరు బిగించేచోట రంగు గీకి, మెరిసే రేకుకు గట్టిగా బిగించాలి. యాంప్లిఫయర్‌ ఉంటే దాని బ్యాటరీ వైరును కారుకు ఒక పక్కగా, పాట సంకేతాలు తెచ్చే వైర్లను మరో పక్కగా వేయాలి. కారు ఛార్జరుకు కలిపిన ఫోను నుంచి ఆక్స్‌ వైరుతో పాట వింటుంటే కూత వస్తుందేమో చూడాలి. ఛార్జరు తీయగానే ఆగితే లోపం అక్కడే. బ్లూటూత్‌తో వింటే ఆ బాధ తప్పుతుంది.

శక్తికి మించి మోగిస్తే..
స్టీరియోపై ‘50 వాట్లు × 4’ అని రాసి ఉన్నా ఏకధాటిగా ఇచ్చే శక్తి సాధారణంగా 15 నుంచి 20 వాట్లే. అంతకు మించి పెంచితే శబ్దం పగిలినట్లు వినిపిస్తుంది, కాయిల్‌ వేడెక్కుతుంది. బాస్‌ బూస్ట్‌ తగ్గించాలి. హై పాస్‌ ఫిల్టర్‌ ఉంటే 80 హెర్ట్జ్‌ దగ్గర ఉంచితే చిన్న స్పీకర్లపై భారం తగ్గుతుంది.

ఈ జాగ్రత్తలు తప్పనిసరి
* ప్యాడ్‌ విప్పేముందు ఇగ్నిషన్‌ ఆపి, బ్యాటరీ నెగటివ్‌ వైరు తీసి కొద్దిసేపు ఆగాలి. కొన్ని కార్లలో పక్కనుంచి జరిగే ఢీని గుర్తించి ఎయిర్‌బ్యాగ్‌కు సంకేతమిచ్చే సెన్సర్‌ తలుపులోనే ఉంటుంది. దాన్ని కదిలించకూడదు.
* స్పీకరు నెగటివ్‌ వైరును కారు రేకుకు తాకించరాదు. స్టీరియోలోని ఐసీ కాలిపోయే ప్రమాదముంది.
* యాంప్లిఫయర్‌ వైరుకు బ్యాటరీకి దగ్గర్లోనే ఫ్యూజు ఉండాలి. అది లేకుండా వైరు ఒరుసుకుంటే షార్ట్‌ సర్క్యూట్‌తో మంటలు రేగవచ్చు.
* వారంటీ ఉన్న కారులో కంపెనీ వైర్లను కత్తిరించవద్దు. ఆ మోడలుకు సరిపోయే కప్లర్‌ వాడాలి.

ఎక్కడ నొక్కితే ఆగుతోంది, ఇంజిన్‌ ఆపితే ఏమవుతోంది, స్పీకరు మారిస్తే చప్పుడు ఎటు వెళుతోంది.. ఈ మూడు విషయాలు కాగితంపై రాసుకుని దుకాణానికి వెళ్లాలి. అప్పుడు పని చేసేవారికి శ్రమ తగ్గుతుంది, చేయించుకునేవారికి అనవసర ఖర్చు తప్పుతుంది.