చుక్కల్లేని రాత చదివేవాళ్లు కావాలి

తెల్లారి ఆరింటికి కృష్ణానగర్ రోడ్డు మీద నిలబడి చూడండి. జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్లు, కొత్తగా వచ్చిన అసిస్టెంట్ డైరెక్టర్లు ఎవరి బండి కోసం వాళ్లు ఎదురుచూస్తుంటారు. ఒక్క అవకాశానికి వంద మంది. అక్కడికి దగ్గర్లోని యూసుఫ్‌గూడలో మెట్రో ఎక్కితే రైలు మారకుండానే తార్నాకలో దిగొచ్చు. అక్కడ లెక్క తిరగబడుతుంది. పని కొండంత, చేతనైనవాళ్లు గుప్పెడు.

తార్నాకలోని తెలంగాణ స్టేట్ ఆర్కైవ్స్‌లో కోట్ల సంఖ్యలో దస్తావేజులున్నాయి. ఎక్కువ భాగం పారశీకం, ఉర్దూ. షాజహాన్, ఔరంగజేబుల నాటి దక్కన్ కాగితాలే లక్షకు పైగా ఉంటాయి. ఉస్మానియా క్యాంపస్‌లోని ఓరియంటల్ మాన్యుస్క్రిప్ట్స్ లైబ్రరీ, సాలార్‌జంగ్ మ్యూజియం దగ్గర వేల కొద్దీ చేతిరాత పుస్తకాలు వేరే.

‘పాత కాగితాలతో మనకేం పని?’ అంటారా? మీ ఊళ్లో భూమి తగాదా ఏదైనా గుర్తు తెచ్చుకోండి. కోర్టుకెక్కితే పాత సేత్వార్ తీయమంటారు. నిజాం కాలంనాటిది ఉర్దూలో ఉంటుంది, తేదీ ఫసలీలో ఉంటుంది. ఫసలీకి 590 కలపండి. 1340 ఫసలీ అంటే మన 1930-31 అన్నమాట. ఒక్క పదం తప్పు చదివితే ఎకరాలు చేతులు మారతాయి.

అసలు చిక్కు రాతలోనే ఉంది. ఈ లిపిలో పదం మధ్యలో చిన్న పంటి గీత వస్తుంది. చుక్క పైనుందా కిందుందా, ఒకటా రెండా మూడా అన్నదాన్ని బట్టి అది బ, ప, త, న, య... ఏదైనా కావచ్చు. గుమాస్తాలు తొందరలో రాసే ‘షికస్తా’ పద్ధతిలో ఆ చుక్కలే ఎగిరిపోతాయి. విడివిడిగా ఉండాల్సిన అక్షరాలు కలిసిపోతాయి. షికస్తా అంటే విరిగినది అని అర్థం. పేరుకు తగ్గట్టే ఉంటుంది! ఇది బాగా చదవగలిగే పెద్దలు తగ్గిపోతున్నారు. వాళ్ల పక్కన కూర్చుని నేర్చుకునే కుర్రాళ్లు అంతకన్నా తక్కువ. అయినా భయపడక్కర్లేదు. తహసీల్దార్, వకీలు, ఫిర్యాదు, జమాబందీ... ఈ పదాలన్నీ మీకు తెలిసినవేగా.

ముస్లిం కుటుంబాల పిల్లలకే ఈ రంగం అనుకోవడం పొరపాటు. భాష రాకపోయినా కెమిస్ట్రీ వస్తే చోటుంది. మసి, జిగురు కలిపి చేసిన సిరా తడి తగిలితే చెదిరిపోతుంది. ఇనుము కలిసిన సిరా కాగితాన్నే తినేస్తుంది. రాగితో చేసిన పచ్చరంగు కూడా అంతే, గీసిన చోట కాగితం మాడిపోయి చిల్లు పడుతుంది. అందుకే మరమ్మతు చేసే మనిషి ముందు ఒక మూల సిరాను పరీక్షిస్తారు. తర్వాత మెత్తటి బ్రష్‌తో దుమ్ము తీసి, గోధుమ పిండి జిగురుతో సన్నటి జపాన్ కాగితం అతికిస్తారు. ఆ జిగురును రేపు అవసరమైతే తీసేయొచ్చు. మీ ఇంట్లో తాతగారి దస్తావేజు ఉంటే మాత్రం దయచేసి లామినేషన్ చేయించకండి. తీయడం దాదాపు అసాధ్యం.

స్కానింగ్ దగ్గర కృష్ణానగర్ కుర్రాళ్లకు ఒక లాభం ఉంది. కంటిన్యుటీ తెలిసినవాళ్లు కదా! ఈ పుస్తకాలు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. చాలావాటికి పేజీ నంబర్లుండవు. పేజీ అడుగున తర్వాతి పేజీలోని మొదటి పదం రాసి ఉంటుంది. అది సరిపోలితేనే వరుస సరిగ్గా ఉన్నట్టు. పశ్చిమాఫ్రికాలోని మాలి దేశంలో చాలా గ్రంథాలకు కుట్టే ఉండదు, విడి ఆకులే. వాటిని కాపాడేది ఆ ఒక్క పదమే. అక్కడ హౌసా, ఫులానీ లాంటి సొంత భాషల్ని అరబ్బీ అక్షరాల్లో రాసుకున్నారు, మన దక్కనీని పారశీక లిపిలో రాసుకున్నట్టే. 2012లో టింబక్టు తీవ్రవాదుల చేతికి చిక్కినప్పుడు స్థానికులు లక్షల గ్రంథాల్ని రేకు పెట్టెల్లో దాచి, రోడ్డు మీదా పడవల్లోనూ బమాకో చేర్చారు. మనకింకా ఆ గతి పట్టలేదు. మన శత్రువులు చెదలు, తేమ.

చదువు సంగతి. పారశీకానికి ఉస్మానియా, గచ్చిబౌలిలోని మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీ ఉన్నాయి. దస్తావేజుల నిర్వహణకు ఢిల్లీలో నేషనల్ ఆర్కైవ్స్ వారి స్కూల్ ఆఫ్ ఆర్కైవల్ స్టడీస్ ఏడాది డిప్లొమాతో పాటు స్వల్పకాలిక కోర్సులూ నడుపుతుంది. కన్జర్వేషన్ మీద ఎం.ఏ. చేయాలంటే నోయిడాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్. శాస్త్రీయ శిక్షణకు లక్నోలోని ఎన్‌ఆర్‌ఎల్‌సీ.

ఉన్నమాట చెప్పుకోవాలి. ఇది ఐటీ జీతం కాదు. పర్మినెంట్ పోస్టులు అరుదు, మొదట్లో కాంట్రాక్టు, ప్రాజెక్టు పనులే దొరుకుతాయి. కేంద్రం 2025 బడ్జెట్‌లో ప్రకటించిన జ్ఞాన భారతం మిషన్ కోటికి పైగా చేతిరాత గ్రంథాల సర్వే, సంరక్షణ లక్ష్యమంటోంది. ఆ పని ఎవరో ఒకరు చేయాలి కదా. ఒక్క ఢిల్లీ నోటిఫికేషన్ కోసమే కూర్చోకుండా, ఉర్దూ అక్షరాలు ఈ సెలవుల్లోనే మొదలుపెట్టండి. రోజుకు గంట కూర్చుంటే కొన్ని వారాల్లో చార్మినార్ దగ్గరి బోర్డులు చదివేస్తారు. ఆ తర్వాత కాలేజీ నుంచి ఉత్తరం, గుర్తింపు కార్డు పట్టుకుని ఒక పనిదినం తార్నాక వెళ్లి, రీసెర్చ్ రూమ్ ఎక్కడని అడగండి.