డైట్ అయిపోయింది, ఇక మామూలు తిండే: అంటే ఎంత?

రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు, రెండు మల్టీవిటమిన్ బిళ్లలు. కొన్నేళ్ల కిందట వీరమాచనేని రామకృష్ణ పేరుతో తెలుగునాట ఊరూరా పాకిన డైట్‌కు ఇవే నాలుగు మూలస్తంభాలు. అన్నం, రొట్టె ముట్టకూడదు. గ్రాము కొవ్వుకు 9 కేలరీల లెక్కన ఆ కొవ్వు ఒక్కటే 630 నుంచి 900 కేలరీలు ఇస్తుంది.

ఇలాంటి డైట్ ఏదైనా ముంబై తెలుగు చాల్‌లో ఎన్నాళ్లు నడుస్తుందో ఆలోచించండి. మచ్చుకు 1920లలో ప్రభుత్వం కట్టిన 207 బీడీడీ చాళ్లే తీసుకోండి. ఒక్కో ఖోలీ (గది) 160 చదరపు అడుగులు, అంతస్తుకు 20 ఖోలీలు, మరుగుదొడ్లు ఉమ్మడి. నాలుగు లీటర్లు తాగినవాడు అర్ధరాత్రి వరండా చివరిదాకా ఎన్నిసార్లు నడవాలో ఏ డైట్ వీడియోలోనూ చెప్పరు. ఉన్నది ఒక్క పొయ్యి. నలుగురికి పప్పు ఉడుకుతుంటే ఐదోవాడికి విడిగా వండిపెట్టే తీరిక, చోటు ఎవరికీ ఉండవు. కాబట్టి డైట్ ఆగిపోవడంలో వింతేమీ లేదు. ఆగిన మర్నాటి నుంచి పళ్లెంలో ఏం పడుతుందన్నదే అసలు సంగతి.

ముందుగా జరిగేది బరువు పెరగడం. వారంలో రెండు కిలోలు వచ్చేస్తే గుండె జారుతుంది. అందులో చాలాభాగం కొవ్వు కాదు. కాలేయంలో, కండరాల్లో సుమారు 500 గ్రాముల పిండిపదార్థం గ్లైకోజెన్‌గా నిల్వ ఉంటుంది. ఒక్కో గ్రామూ దాదాపు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. అన్నం మానేసినప్పుడు ఆ నిల్వ, దాంతోపాటు నీళ్లు పోయాయి. మళ్లీ తినగానే రెండూ తిరిగొచ్చాయి. మొదటి వారంలో మురిపించిన రెండు కిలోలే ఇప్పుడు భయపెడుతున్నాయి. ఈ భయంతో మళ్లీ కడుపు మాడ్చుకుంటే ఆ చక్రం ఆగదు. రెండు వారాల దాకా తూకం జోలికి పోకపోవడమే మేలు.

ఆకలి మాత్రం నిజమైనదే. 1944–45లో అమెరికాలోని మిన్నెసోటాలో పరిశోధకుడు ఆన్సెల్ కీస్ 36 మంది యువకులకు 24 వారాలు సగం తిండే పెట్టాడు. వాళ్లు బరువులో నాలుగోవంతు కోల్పోయారు. ఆంక్షలు ఎత్తేశాక మునుపటికంటే చాలా ఎక్కువ తిన్నారు. కండ పూర్తిగా కోలుకోకముందే కొవ్వు పాత స్థాయిని దాటిపోయింది. 2011లో ఆస్ట్రేలియా పరిశోధకులు పది వారాల కఠిన డైట్ చేసినవాళ్లను పరీక్షించారు. సగటున 13.5 కిలోలు తగ్గిన ఆ మనుషుల్లో ఏడాది తర్వాత కూడా ఆకలిని పెంచే హార్మోన్ ఎక్కువగానే ఉంది. సాయంత్రం నాలుగింటికి వడాపావు బండి వాసనకు కాళ్లు ఆగిపోతే దాన్ని నిగ్రహం లేకపోవడమని తిట్టుకోవాల్సిన పని లేదు. ఒక వడాపావు సుమారు 300 కేలరీలు. ఒకటి తింటే మునిగిపోయేదేమీ లేదు. మధ్యాహ్నం పస్తుండి సాయంత్రం మూడు లాగించడంతోనే చిక్కు.

"ఇక మామూలుగా తిందాం" అంటాం. ఆ మామూలు ఎవరిది? ముంబైలో కామాఠీపురకు ఆ పేరు తెచ్చిన తెలంగాణ కూలీలు 18వ శతాబ్దం చివరి నుంచీ నిజాం రాజ్యం వదిలి ఇక్కడికి వచ్చారు. రాళ్లు మోశారు, రోడ్లు వేశారు, బంగళాలు కట్టారు. వాళ్ల వెనకాల వచ్చిన పద్మశాలీలు మిల్లుల్లో మగ్గాల దగ్గర నిలబడ్డారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల ప్రకారం 65 కిలోల మగమనిషి బరువు పనిచేస్తే రోజుకు 3470 కేలరీలు కావాలి. కూర్చుని పనిచేస్తే 2110 చాలు. తేడా 1360. ఇది 390 గ్రాముల బియ్యంతో సమానం. తాతకు నిజంగా అంత తిండి దొరికిందా అంటే అనుమానమే. కానీ అన్నం గుట్టగా పోసి నడుమ పులుసు గుంట చేసే పళ్లెం ఆ కష్టానికి కొలిచి పెట్టింది. 1982 జనవరి 18న మొదలైన సమ్మెతో మిల్లుల బతుకు కూలింది. మనవడు ఇప్పుడు దుకాణంలో కూర్చుంటాడు, లేదా టాక్సీ నడుపుతాడు. పళ్లెం మాత్రం తాతదే. డైట్ ఆపి "మామూలు"కు వచ్చినవాడు నేరుగా ఆ పళ్లెం ముందుకే వచ్చి కూర్చుంటున్నాడు. డైట్ కంటే ఈ 390 గ్రాముల సంగతే ముందు తేల్చుకోవాలని నా అభిప్రాయం.

మరి ఎంత తినాలి? జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో 2000 కేలరీల పళ్లెం లెక్క ఉంది. పాలు, పెరుగు కాక రోజుకు ధాన్యం 250 గ్రాములు, కూరగాయలు 400, పళ్లు 100, పప్పులు లేదా గుడ్లు, మాంసం 85, గింజలు 35, నూనె 27 గ్రాములు. ఇవన్నీ వండకముందు తూకాలు. కుట్టుమిషన్ ముందు కూర్చునే ఆడమనిషికి 1660 కేలరీలే అవసరం కాబట్టి ధాన్యం ఇంకా తగ్గించుకోవాలి. హమాలీ పనిచేసేవాడు ఈ పళ్లెంతో సరిపెట్టుకుంటే నీరసించిపోతాడు.

ఒక్కరోజులో 250 గ్రాముల ధాన్యానికి ఎగబాకనక్కర్లేదు. జొన్నరొట్టెకు 50 గ్రాముల పిండి అనుకుంటే మొదటి వారం పూటకొక రొట్టె చొప్పున రెండు, రెండో వారం మూడు, ఆ తర్వాత పనిని బట్టి నాలుగైదు. నేను జొన్నకే ఓటేస్తాను. వంద గ్రాముల జొన్నలో 10 గ్రాముల పీచు ఉంటే పాలిష్ బియ్యంలో మూడు గ్రాములకు లోపే. మాంసకృత్తులు జొన్నలో దాదాపు 10, బియ్యంలో 8. పైగా ఇది తెలంగాణ నుంచి మూటతో వచ్చిన తిండే. ముంబైలో భాకరీగా ప్రతి సందులోనూ దొరుకుతుంది. కొనడానికి ఏ డైట్ దుకాణానికీ వెళ్లక్కర్లేదు. అన్నమే కావాలంటే ముందు పప్పు, కూర పెట్టించుకుని చివర గరిటెడు అన్నం వేయించుకోవాలి. "ఏందక్కా, గింతేనా బువ్వ?" అని పక్క ఖోలీ నుంచి వినబడుతుంది, తప్పదు.

షుగర్ ఉన్నవాళ్ల సంగతి వేరు. డైట్‌లో ఉండగా బిళ్లలో, ఇన్సులినో తగ్గించి ఉంటే ధాన్యం తిరిగి మొదలుపెట్టే ముందే వైద్యుడికి చెప్పాలి. లేకపోతే చక్కెర ఎగబాకుతుంది. వారం పది రోజులు దాదాపు ఏమీ తినకుండా ఉన్నవాళ్లు ఒక్కసారిగా కడుపునిండా తింటే రక్తంలో ఫాస్ఫేట్ పడిపోయి గుండెకే ముప్పు రావచ్చు. అలాంటివాళ్లు ముందు ఆస్పత్రిలో అడగడం మంచిది; కామాఠీపురకు నాయర్ ఆస్పత్రి, జేజే ఆస్పత్రి రెండూ దగ్గరే.

ఇక ఇంటి ఖర్చు. ప్రాధాన్య కుటుంబాల రేషన్ కార్డు ఉంటే మనిషికి నెలకు ఐదు కిలోల ధాన్యం ఉచితం. రోజుకు 167 గ్రాములన్నమాట, కావాల్సినదానిలో మూడింట రెండు వంతులు. కూరగాయలకు అలాంటి ఆసరా లేదు. నలుగురికి రోజుకు కిలో ఆరువందల గ్రాములు కావాలి. చాల్‌లో ఉండేవాళ్ల జీతంతో అది నిజంగా బరువే. రాత్రి బేరం సడలే వేళ తోపుడుబండి దగ్గర కొనడం, మెంతి, తోటకూర లాంటి ఆకుకూర పప్పులోనే వేసేయడం కొంత దారి చూపిస్తాయి. నూనెలో మాత్రం ఆదా చేసుకునే వీలుంది. మనిషికి రోజుకు 27 గ్రాములంటే నలుగురికి నెలకు మూడున్నర లీటర్లు. మీ ఇంట్లో ఐదు లీటర్ల డబ్బా నెల తిరక్కుండానే ఖాళీ అవుతుంటే ఆ ఒకటిన్నర లీటరు డబ్బు కూరగాయల బండికి మళ్లించవచ్చు.