జీపు ఎత్తు పెంచితే... షాఫ్టుకు అదురు
కోణం సరిచేయకుంటే క్రాస్‌లకు ముప్పు

పాడేరు: ఏజెన్సీ దారుల్లో బండి అడుగుకు రాళ్లు తగలకూడదని ఫోర్‌వీల్ జీపుల ఎత్తు పెంచుకునే యజమానులకు కొద్ది రోజుల్లోనే కొత్త చిక్కు ఎదురవుతోంది. వేగం గంటకు 40, 50 కిలోమీటర్లు దాటగానే సీటు కింద సన్నటి అదురు మొదలై క్రమంగా పెరుగుతుంది. ముందుగా చక్రాలకు బ్యాలెన్సింగ్ చేయిస్తారు. తగ్గకపోతే ప్రొపెల్లర్ షాఫ్టును విప్పి దానికీ చేయిస్తారు. అయినా అదురు పోదు, డబ్బు మాత్రం పోతుంది. ఇలాంటి బండ్లలో చాలావరకు లోపం షాఫ్టులో కాదు, అది తిరిగే కోణంలో ఉంటుంది.

ఎందుకీ అదురు?

ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి వెనుక హౌసింగ్‌లోని పీనియన్‌కు శక్తిని చేరవేసేది ప్రొపెల్లర్ షాఫ్టు. దాని రెండు కొసల్లోనూ క్రాస్‌లు ఉంటాయి. వంపులో తిరిగే క్రాస్‌కు ఒక సహజ గుణం ఉంది. లోపలికి వచ్చే వేగం నిలకడగా ఉన్నా, బయటికి వెళ్లే వేగం ప్రతి చుట్టులోనూ రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుంది. వంపు 5 డిగ్రీలుంటే ఈ హెచ్చుతగ్గు అటూఇటూ 0.4 శాతం లోపే. 10 డిగ్రీలకు చేరితే 1.5 శాతం. అంటే కోణం రెట్టింపైతే హెచ్చుతగ్గు నాలుగింతలవుతుంది.

మొదటి క్రాస్ తెచ్చిన ఈ దోషాన్ని రెండో క్రాస్ సరిదిద్దుతుంది. అయితే షాఫ్టు రెండు కొసల్లోని యోక్‌లు ఒకే వరుసలో ఉండాలి, రెండుచోట్లా కోణాలు సమానంగా ఉండాలి. తేడా ఒక డిగ్రీ మించకూడదన్నది ఈ పనిలో పాటించే లెక్క. వెనుక కమానులకు పొడవు షాకిళ్లు వేస్తే బండి లేవడంతోపాటు ఇరుసు కూడా కొంత తిరుగుతుంది. పీనియన్ ముక్కు పైకి మళ్లి ఈ సమానత్వం చెడుతుంది.

కమాను కింద దిమ్మలు పెట్టి సమంగా లేపినవారికీ నిశ్చింత లేదు. అక్కడ రెండు కోణాలూ సమానంగానే ఉంటాయి కానీ రెండూ పెరుగుతాయి. పీనియన్ నిలకడగా తిరిగినా మధ్యలోని గొట్టం మాత్రం తన హెచ్చుతగ్గులతోనే తిరుగుతుంది. 120 సెంటీమీటర్ల షాఫ్టున్న బండిని 5 సెంటీమీటర్లు లేపితే కోణం దాదాపు 2.4 డిగ్రీలు పెరుగుతుంది. షాఫ్టు 60 సెంటీమీటర్లే అయితే 4.8 డిగ్రీలు. 80 అంగుళాల వీల్‌బేస్ ఉన్న పాత సీజే3బీ వంటి పొట్టి జీపులకు బాధ ఎక్కువ కావడానికి కారణమిదే.

గుర్తించేదెలా?

చక్రం ఒక చుట్టు తిరిగేలోగా షాఫ్టు నాలుగైదు చుట్లు తిరుగుతుంది. అందుకే టైరు దోషం స్టీరింగ్‌లో మందంగా ఊగినట్లు తెలుస్తుంది. షాఫ్టు అదురు జోరీగలా వేగంగా, నేలరేకులో వినిపిస్తుంది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఒకలా, వదిలినప్పుడు మరోలా ఉంటే కోణాన్ని అనుమానించాలి. తొక్కినా వదిలినా న్యూట్రల్‌లోనూ ఒకేలా ఉంటే బ్యాలెన్సింగ్ చూడాలి. అన్నిటికంటే ముందు క్రాస్‌లో ఆట ఉందేమో చేత్తో ఊపి చూడటం మంచిది. గ్రీజు పెట్టడానికి విప్పిన షాఫ్టును గుర్తు లేకుండా బిగిస్తే యోక్‌ల వరుస తప్పుతుంది. షెడ్లలో తరచూ జరిగే పొరపాటిది. విప్పేముందు సుద్దముక్కతో గీత గీస్తే సరిపోతుంది.

సరిచేసేదెలా?

చదును నేలపై, బరువంతా చక్రాలపై ఉండగానే కొలవాలి. జాకీపై లేపి కొలిస్తే లెక్క తప్పుతుంది. ట్రాన్స్‌ఫర్ కేసు కొస, షాఫ్టు, పీనియన్... ఈ మూడింటి వాలును యాంగిల్ గేజ్‌తో చూడాలి. అది లేకుంటే కోణమానినికి దారం, గుండు కట్టి చూసినా ఫలితం ఉంటుంది.

పీనియన్ మళ్లిందని తేలితే కమానుకు, ఇరుసుకు నడుమ ఏటవాలు ఇనుప పలకలు వేసి దాన్ని తిప్పాలి. అల్యూమినియం పలకలు చవకే కానీ బరువుకు నలిగి పగులుతాయి. కమాను బండి లాగేటప్పుడు పీనియన్ ముక్కు కొంత పైకి లేస్తుంది కనుక, ఒకటి రెండు డిగ్రీలు కిందికే ఉంచాలి. యూబోల్టులను కొంత దూరం తిరిగాక మళ్లీ బిగించాలి. ముందు ఇరుసుకు ఇవే పలకలు వేస్తే స్టీరింగ్ తీరు మారిపోతుంది. అక్కడ ఈ చిట్కా పనికిరాదు.

రెండు కోణాలూ సమానంగానే పెరిగి ఉంటే పలకలతో పని జరగదు. ట్రాన్స్‌ఫర్ కేసును కొద్దిగా కిందికి దించాలి, లేదా ముందు కొసకు జంట క్రాస్‌లున్న షాఫ్టు వేయించాలి. జంట క్రాస్ వేస్తే లెక్క పూర్తిగా మారుతుంది. అప్పుడు పీనియన్ నేరుగా షాఫ్టు వైపే చూడాలి.

అదురుకంటే ప్రమాదకరమైనది మరొకటుంది. ఎత్తు పెరిగినకొద్దీ షాఫ్టులోని జారుడు పళ్లు బయటికి వస్తాయి. పట్టు చాలక గోతిలో ఇరుసు దిగినప్పుడు షాఫ్టు ఊడితే, ఘాట్‌లో ఇంజన్ బ్రేకు ఒక్కసారిగా పోతుంది. వెనుక బ్రేకు గొట్టం బిగుసుకుపోతోందేమో కూడా చూసుకోవాలి.

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు, రిజిస్ట్రేషన్ పత్రానికి భిన్నంగా బండిని మార్చడం కుదరదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. ఎత్తు పెంచే ముందే రవాణా శాఖ కార్యాలయంలో విచారించుకోవాలి. ఇప్పటికే పెంచి అదురుతో తిప్పుతున్నవారు తొలుత కోణం కొలిపించి, ఆ తర్వాతే షాఫ్టు విప్పించాలి.