ఒకే విశ్వవిద్యాలయం, నాలుగు ప్రాంగణాలు

పదో తరగతి మార్కుల ఆధారంగా ఆరేళ్ల సమీకృత ఇంజనీరింగ్ చదువులో ప్రవేశం కల్పించే రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం, అంటే జనం నోట 'ట్రిపుల్ ఐటీ', 2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరలలో మొదలైంది. రాష్ట్ర విభజనతో బాసర తెలంగాణకు చెందగా, ఆంధ్రప్రదేశ్‌లో 2016లో శ్రీకాకుళం, ఒంగోలు ప్రాంగణాలు తోడయ్యాయి. పట్టా ఒకే విశ్వవిద్యాలయానిదైనా నాలుగు ప్రాంగణాలూ ఒకేలా ఉండవు.

మొదటి రెండేళ్లు ఇంటర్మీడియట్‌కు సమానమైన పీయూసీ, తర్వాతి నాలుగేళ్లు బీటెక్. ఇంజనీరింగ్ శాఖను పీయూసీ ప్రతిభను బట్టి, సాధారణంగా చేరిన ప్రాంగణంలో ఉన్న శాఖల్లోంచే కేటాయిస్తారు కాబట్టి, పదిహేనేళ్ల పిల్లవాడు కౌన్సెలింగ్‌లో ప్రాంగణాలకు ఇచ్చే 1, 2, 3, 4 అనే వరుస, తెలియకుండానే, రెండేళ్ల తర్వాతి శాఖకు కూడా హద్దు గీస్తుంది. కెమికల్, మెటలర్జీ (లోహశాస్త్రం) వంటి శాఖలు పాత ప్రాంగణాలైన నూజివీడు, ఇడుపులపాయల్లో కనిపిస్తాయి. కంప్యూటర్ సైన్సే లక్ష్యమైతే ఈ తేడా అంతగా పట్టదు. దూరం మాత్రం చిన్న విషయం కాదు: ఇచ్ఛాపురం పిల్లవాడికి ఇడుపులపాయ అంటే రాష్ట్రం ఈ కొసనుంచి ఆ కొసకు ప్రయాణం, పైగా హాస్టల్ జీవితం. పేరు పాతదన్న ఒక్క కారణంతో వరుస నిర్ణయించడం తొందరపాటే. ఐచ్ఛికాలు నింపేముందు ఆ ఏటి ప్రవేశ ప్రకటనలోని శాఖల పట్టికను తల్లిదండ్రులు ఒకసారి చదవాలి.