డ్రెస్డెన్ నగరపు కేకు పండుగ

జర్మనీ దేశమునందలి సాక్సనీ రాష్ట్రమునకు డ్రెస్డెన్ ముఖ్యపట్టణము. అది ఎల్బే నదీతీరమున నున్నది. డిసెంబరు మాసారంభమున ఒక శనివారమునాడు ఆ నగర వీథులలో వింతయైన ఊరేగింపు సాగును. తెల్లని దుస్తులు ధరించిన రొట్టెల పనివారు వెంట నడచుచుండగా, గుఱ్ఱములు పూన్చిన బండిమీద టన్నులకొలది బరువుగల కేకు కదలివచ్చును. ఈ కేకునకు ‘స్టోలెన్’ అని పేరు. క్రిస్మస్ పండుగకు ఆ దేశీయులు చేసికొను పిండివంటలలో ఇది ముఖ్యమైనది.

పులిసిన గోధుమపిండిలో వెన్న, ఎండుద్రాక్ష, బాదంపప్పు, చక్కెరపాకములో ఊరిన నారింజ, నిమ్మ తొక్కలు కలిపి దీనిని కాల్చెదరు. పైన వెన్న పూసి, తెల్లగా చక్కెర చల్లెదరు. చలికాలమున ఇది అనేక వారములు చెడక నిలువయుండును.

పూర్వము ఈ రొట్టెకు ఇంత రుచి లేదు. క్రిస్మస్‌నకు ముందువచ్చు ఉపవాసదినములలో వెన్న వాడుట మతనియమములకు విరుద్ధము. అందుచే పనివారు పిండిలో నూనె కలుపుచుండిరి. ఆ కష్టమును సాక్సనీ ప్రభువులు రోమునగరమునందలి పోపునకు విన్నవించుకొనిరి. తుదకు 1491వ సంవత్సరమున ఎనిమిదవ ఇన్నోసెంటు పోపు, కొంత ధనము చెల్లింపవలెనను నియమముతో, వెన్న వాడుటకు అనుమతించెను. ఆ ఉత్తరమునకు ‘వెన్న లేఖ’ యని పేరు వచ్చినది.

1730వ సంవత్సరమున సాక్సనీ పాలకుడగు బలశాలి ఆగస్టస్, జైట్‌హైన్ అనుచోట గొప్ప సైనిక ప్రదర్శనము జరిపించెను. యూరపు రాజవంశీయులు అనేకులు అతిథులై వచ్చిరి. వారికి తన వైభవము చూపగోరి అతడు 1.8 టన్నుల స్టోలెన్ చేయించెను. దానిని కాల్చుటకు ప్రత్యేకముగా పొయ్యి కట్టవలసివచ్చెను; కోయుటకు 1.6 మీటర్ల పొడవుగల కత్తిని సిద్ధపఱచిరి. ఆ కేకు రాజుగారి ఠీవికి గుర్తు.

కాలము మాఱినది. రెండవ ప్రపంచ యుద్ధములో, 1945 ఫిబ్రవరి మాసమున, విమానములు కురిపించిన బాంబులకు డ్రెస్డెన్ నగరము నేలమట్టమయ్యెను. పిదప జర్మనీ రెండుగా చీలిపోగా, ఆ నగరము తూర్పు భాగమున చేరెను. అచ్చట ద్రాక్షయు, బాదమును దొరకుటయే కష్టమాయెను. పశ్చిమ జర్మనీలోని బంధువులు పొట్లములలో పంపిన సరకులతో అనేక కుటుంబములు స్టోలెన్ చేసికొనుచుండెడివి. దొరకనివారు నిమ్మతొక్కలకు మాఱుగా చక్కెరపాకమున ఊరిన పచ్చి టొమాటోలను సయితము వాడిరి. సరకులు కఱవైనను ఆ జనులు పండుగ అలవాటును మాత్రము విడువలేదు.

1990లో రెండు జర్మనీలును ఏకమయ్యెను. 1994లో డ్రెస్డెన్‌లోని రొట్టెల పనివారు పూనుకొని, 1730 నాటి మహా స్టోలెన్‌ను స్మరించుచు ఈ పండుగను ఆరంభించిరి. యుద్ధమున కూలిన ప్రసిద్ధమగు ఫ్రావెన్‌కిర్షె చర్చిని తిరిగి కట్టుటకు పునాదిరాయి వేసినదియు ఆ సంవత్సరముననే.

ఇంత పెద్ద కేకును ఒక్క పొయ్యిలో కాల్చుట సాధ్యము కాదు. కావున అనేక బేకరీలవారు తమ తమ పొయ్యిలలో పలకలుగా కాల్చి తెచ్చెదరు. వాటిని వెన్నతోను, చక్కెరతోను అతికి ఒక్కటిగా చేయుదురు. ఊరేగింపు ముగిసిన తరువాత, 1434 నుండి పేరుపడిన క్రిస్మస్ సంతలో దానిని పెద్దకత్తితో కోసి, ముక్కలుగా జనులకు విక్రయింతురు. వచ్చిన సొమ్మును సత్కార్యములకు వినియోగింతురు.

ఎవరు పడితే వారు తమ కేకును ‘డ్రెస్డెన్ స్టోలెన్’ అని పిలువరాదు. ఐరోపా సంఘము ఆ పేరునకు రక్షణ కల్పించినది. నూఱు పాళ్ల పిండికి కనీసము ఏబది పాళ్ల వెన్న యుండవలెను. ఆ ప్రాంతముననే కాల్చవలెను. మన ఆత్రేయపురపు పూతరేకులకు 2023లో లభించిన భౌగోళిక గుర్తింపు ఇట్టిదే. పేరును కాపాడుట యనగా పనివాని నేర్పును కాపాడుటయే.

నాటి కేకును ఒక రాజు ఆజ్ఞాపించి చేయించెను. నేటి కేకును పనివారందఱు తలకొక పలక తెచ్చి కూర్చుచున్నారు. ఆనాటిది అతిథుల ఆశ్చర్యమునకు. ఈనాటిది పొరుగువారి మేలునకు. పాత ఆచారమును పునరుద్ధరించుట యనగా దానిని ఉన్నదున్నట్లు మరల చేయుట మాత్రమే కాదు. అందఱును పాలుపంచుకొనునట్లు చేయుట.